మరుపు ఎవరిది? ఒక లాటిన్ మాట కథ

మా టీములో ఒక స్క్రిప్టుంది. పేరు ఆబ్లివియన్. రాత్రి రెండింటికి లేచి, డేటాబేసులో పాతబడిన డేటాని తుడిచేసి మళ్ళీ పడుకుంటుంది. ఆ పేరు పెట్టినవాడు ఉద్యోగం మారి చాలా ఏళ్ళయింది. ఆ పేరుతో వచ్చిన వీడియో గేమ్ ఆడి పెట్టాడో, హ్యారీ పాటర్లో 'ఆబ్లివియేట్' మంత్రం గుర్తొచ్చి పెట్టాడో ఎవరికీ తెలీదు. పెట్టినవాణ్ణి మర్చిపోయాం, పేరు మాత్రం మిగిలింది. మరుపు అనే పేరున్న దానికి బాగానే కుదిరింది :)

ఈమధ్య ఆ స్క్రిప్టు దగ్గర ఒక చిక్కొచ్చి పడింది. అదేంటో కిందకెళ్ళాక చెప్తాను. ఆ చిరాకులో ఉండగానే, అసలీ మాట ఎక్కడిదా అని గూగులిస్తే లాటిన్ దగ్గర తేలింది. ఒబ్లీవియో. అంటే మరుపు. ఐదు నిమిషాల్లో అయిపోవాల్సిన పని. కానీ వ్యాకరణం తెరిచినవాణ్ణి రెండు వారాలు మూయలేదు. మా ఆఫీసు చిక్కుకీ, మా ఇంట్లో పదేళ్ళు నడిచిన ఒక తగువుకీ కూడా జవాబు ఆ వ్యాకరణంలోనే ఉందనిపించింది. మరీ విడ్డూరంగా ఉందంటారా? కాస్త ఓపిక పట్టండి.

ముందు మాట సంగతి. ఒబ్లీవియో స్త్రీలింగం. లాటిన్లో నామవాచకాలని అవి విభక్తులు పట్టే తీరుని బట్టి ఐదు గుంపులు చేశారు, ఇది మూడో గుంపుది. ప్రథమలో ఒబ్లీవియో, షష్ఠిలో ఒబ్లీవియోనిస్, ద్వితీయలో ఒబ్లీవియోనెమ్. ప్రథమలో కనబడని 'న' మిగతా విభక్తుల్లో బయటికొస్తుంది చూశారా? ఇంగ్లీషు ఆబ్లివియన్ లో చివరున్న 'న్' అక్కణ్ణించి వచ్చిందే. ఇది మనకి కొత్తేం కాదు. సంస్కృతంలో రాజన్ శబ్దం ప్రథమలో రాజా అయిపోతుంది, ఆత్మన్ శబ్దం ఆత్మా అవుతుంది. మళ్ళీ 'ఆత్మనః' అన్నప్పుడు 'న' తిరిగొస్తుంది. చిన్నప్పుడు శబ్దాలు బట్టీపట్టినవాళ్ళకి లాటిన్ ఇలాంటి చోట్ల చుట్టాలింటికెళ్ళినట్టు ఉంటుంది.

ఇంకో సరదా సంగతి. ఈ మాటకే ఒబ్లీవియుమ్ అని నపుంసకలింగంలో ఒక జంట ఉంది. కవులు ఎక్కువగా దాని బహువచనం 'ఒబ్లీవియా' వాడతారు. కారణం ఛందస్సు. వర్జిల్, ఓవిడ్ లాంటివాళ్ళు ఇతిహాసాలు రాసిన హెక్సామీటరులో మన లెక్కన భగణాలూ, జంట గురువులూ మాత్రమే పడతాయి. ఒబ్లీవియో అంటే గురువు, గురువు, లఘువు, గురువు. అంటే కడుపులో ఒక రగణం ఉంది. రగణం ఆ పాదంలో ఇమడదు. అందుకని కవులు చివరి గురువుని లఘువు చేసుకోడానికి ఒబ్లీవియాని పట్టుకున్నారు. యతిప్రాసల కోసం మనవాళ్ళు పర్యాయపదాలు వెతుక్కున్నట్టే.

సరే, ఇవన్నీ ముచ్చట్లు. అసలు విషయం క్రియలో ఉంది.

మర్చిపోతున్నాను అనడానికి లాటిన్లో 'ఒబ్లీవిస్కోర్' అంటారు. రూపం చూస్తే కర్మణి ప్రయోగం, అర్థం చూస్తే కర్తరి. అంటే వేషం 'చేయబడుతున్నాను' అన్నట్టుంటుంది, మాట 'చేస్తున్నాను' అంటుంది. ఇలాంటివాటిని డిపోనెంట్ క్రియలంటారు. ఈ జాతిలో ఇంకేమున్నాయో చూస్తే నాకు ఒళ్ళు ఝల్లుమంది. పుట్టడం (నాస్కోర్), చావడం (మోరియోర్) కూడా ఇవే. సంస్కృతంలో జాయతే, మ్రియతే కూడా ఆత్మనేపదాలే కదా. పుట్టేది నేనే, చచ్చేది నేనే, మరిచేది నేనే. కానీ ఆ మూడింట్లో నేను చేసిందేముంది? జరిగిందంతే.

తెలుగులో ఇదే సంగతి ఒక్క 'పోవు' తో తేల్చేశాం. మర్చిపోయాను. నిద్రపోయాను, పడిపోయాను, తప్పిపోయాను అన్నట్టు. కర్త నేనే, కానీ నా ప్రమేయం లేదు. "పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయాను" అంటే ఎవరూ నేరం మోపరు, మహా అయితే గిన్నె తోమిస్తారు. అదే "విస్మరించాను" అంటే చూడండి. ప్రభుత్వం రైతులను విస్మరించింది అని పేపరువాడు రాస్తే, పాపం గుర్తులేక అని ఎవరైనా అనుకుంటారా? గుర్తుండే చేశారని అర్థం.

ఈ క్రియకి మూలం గురించి ఎక్కువమంది భాషావేత్తలు చెప్పేదేంటంటే, అందులో 'నున్నన' అనే అర్థమున్న ధాతువుంది. అంటే మరుపు అంటే పైన సాపు చేసెయ్యడం. రోమన్లు మైనం పూసిన పలకల మీద రాసేవాళ్ళు. రాసే పుల్లకి ఒక చివర మొన, రెండో చివర బల్లపరుపు. తప్పు రాస్తే ఆ రెండో చివరతో మైనాన్ని నున్నగా రుద్దేసేవారు. క్రియ పుట్టింది ఆ పలక నుంచే అని నేననను గానీ, బొమ్మ మాత్రం చక్కగా అతుకుతుంది. గమ్మత్తేంటంటే 'ఒబ్లీతుస్' అని దీర్ఘం పెడితే మర్చిపోయినవాడు, 'ఒబ్లితుస్' అని హ్రస్వం చేస్తే పులుముకున్నవాడు. రెండోది పూర్తిగా వేరే క్రియ. ఒక్క దీర్ఘంలో మరుపుకీ మరకకీ తేడా. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు షష్ఠి దగ్గరికొద్దాం. లాటిన్లో దేన్నైనా మర్చిపోయామంటే ఆ దేన్నైనా కి ద్వితీయ రావాలి కదా? అది కూడా వస్తుంది గానీ, షష్ఠి పెట్టడం బాగా అలవాటు, మనుషుల విషయంలో మరీను. అక్షరాలా 'నీ యొక్క మర్చిపోతున్నాను' అన్నట్టు. గుర్తుచేసుకోవడానికీ అంతే. దీన్ని వింత అనుకునేలోగా పాణిని గుర్తొచ్చాడు. సంస్కృతంలోనూ 'మాతుః స్మరతి' అంటే తల్లిని తలుచుకుంటున్నాడని. దానికోసమే అష్టాధ్యాయిలో 2.3.52 సూత్రం ఉంది. జ్ఞాపకానికీ మరుపుకీ షష్ఠి ఎందుకని నన్నడిగితే, గుర్తున్నదాన్ని మనం పట్టుకోలేం, దాంట్లో ఏదో కొంచెం మాత్రం మనకి చిక్కుతుంది అంటాను. ఇది వ్యాకరణం కాదు, నా పైత్యం.

క్రియని వదిలి నామవాచకం దగ్గరికి వస్తే అసలు తిరకాసు మొదలవుతుంది. 'ఒబ్లీవియో పాత్రిస్' అన్నామనుకోండి. తండ్రి యొక్క మరుపు. అంటే తండ్రి మర్చిపోయాడా, తండ్రిని మర్చిపోయారా? రెండూ అవచ్చు. మనకీ 'అమ్మ జ్ఞాపకాలు' అంటే అమ్మకున్నవా, అమ్మ గురించినవా అని సందేహం వస్తుంది. పాణిని దీనికీ సూత్రం చేశాడు, 2.3.65. కృదంతం పక్కన కర్తకీ షష్ఠే, కర్మకీ షష్ఠే అని.

అంటే మరుపు అనే నామవాచకం పక్కన రెండు ఖాళీలుంటాయి. ఎవరు మర్చిపోవాలి? దేన్ని మర్చిపోవాలి? క్రియ వాడితే ఆ రెండూ చెప్పక తప్పదు. నామవాచకం వాడితే ఒకటి చెప్పి ఒకటి మింగెయ్యొచ్చు. రెండూ మింగేసి 'జరిగిందేదో జరిగింది, మర్చిపోవడం మంచిది' అని కూడా అనొచ్చు. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎవరైనా మరుపు గురించి మంచిగా మాట్లాడుతున్నప్పుడు, ముందా రెండు ఖాళీలూ పూరించి చూడాలి.

చరిత్రలో దీనికి గొప్ప ఉదాహరణలున్నాయి. క్రీ.పూ. 404లో స్పార్టా చేతిలో ఓడిన ఏథెన్సుని ముప్ఫైమంది కొన్నాళ్ళు ఏలారు. తక్కువలో తక్కువ 1500 మందిని చంపారని అరిస్టాటిల్ పేరు మీదున్న ఏథెన్స్ రాజ్యాంగం అనే పుస్తకం చెప్తుంది. 403లో ప్రజాస్వామ్యవాదులు తిరిగొచ్చారు. ఊరంతా పగలే, ప్రతి వీధిలో చంపించినవాడూ చచ్చినవాడి కొడుకూ. అప్పుడు వాళ్ళొక ఒప్పందం చేసుకుని ప్రమాణం చేశారు. అందులో 'మర్చిపోతాం' అని లేదు. ఉన్న మాట 'మ్నేసికకేయిన్' చెయ్యం అని. అంటే పాత చెడుని గుర్తుచెయ్యం, దాన్ని పట్టుకుని ఎవరి మీదా దావా వెయ్యం. అచ్చ తెలుగులో చెప్పాలంటే, ఆ ఊసెత్తం. ముప్ఫైమందికీ, వాళ్ళ కింద పనిచేసిన కొందరు అధికారులకీ మాత్రం మినహాయింపు. ఎవరైనా పాత కక్ష మీద కోర్టుకెళ్తే అడ్డుకోడానికి ఒక చట్టం కూడా చేశారు. అంతకుముందే ఒకడు మాట తప్పి పాతవి తవ్వడం మొదలుపెడితే, ఆర్కినస్ అనే నాయకుడు వాణ్ణి విచారణ లేకుండా చంపించాడని అదే పుస్తకంలో ఉంది. మరుపుని కాపాడ్డానికి ఒక మనిషిని చంపాల్సొచ్చింది. అంత తేలిక కాదన్నమాట.

ఇది చదివి రోమన్లు నేర్చుకున్నారు. క్రీ.పూ. 44 మార్చి 15న సీజరుని చంపారు. రెండు రోజుల తర్వాత తెల్లుస్ దేవత గుళ్ళో సెనేట్ కూర్చుంది. అక్కడ సిసెరో ఏథెన్సు ఉదాహరణ ఎత్తి, ఈ కలహాల జ్ఞాపకమంతా శాశ్వతమైన మరుపుతో చెరిపెయ్యాలని ప్రతిపాదించాడు. ఆయన వాడిన మాట ఒబ్లీవియోయే. గమనించారా? గ్రీకువాళ్ళ క్రియ ఇక్కడ నామవాచకం అయిపోయింది. 'మేం ఎత్తం' అన్న ప్రమాణం కాస్తా 'మరుపు' అనే వస్తువైపోయింది. ఎవరు మర్చిపోవాలో చెప్పక్కర్లేదు. ఫలితం? మరుసటేడే కొత్త పాలకులు చంపాల్సినవాళ్ళ జాబితాలు గోడకెక్కించారు. క్రీ.పూ. 43 డిసెంబరు 7న సిసెరోనే చంపి, తలా చేతులూ తెచ్చి సభావేదిక మీద పెట్టారు.

తర్వాత ఈ మాట యూరపు ఒప్పందాల్లో స్థిరపడింది. ముప్ఫై ఏళ్ళ యుద్ధాన్ని ముగించిన 1648 వెస్ట్‌ఫాలియా సంధిలో ఇది ఉంది. 1660లో ఇంగ్లండులో రెండో చార్లెస్ గద్దెనెక్కాక చట్టం పేరే క్షమాభిక్షా మరుపుల చట్టం. తన తండ్రిని చంపించినవాళ్ళని మాత్రం అందులోంచి తప్పించాడు. 1661 జనవరిలో క్రామ్‌వెల్ శవాన్ని సమాధిలోంచి తవ్వి ఉరి తీశారు. మరుపు చట్టం వచ్చిన కొద్ది నెలలకే! రాజుకోసం ఆస్తులు పోగొట్టుకున్న విధేయులు అప్పట్లో ఒక పుల్లవిరుపు మాట అనుకునేవారట, ఈ చట్టంలో క్షమాభిక్ష రాజుగారి శత్రువులకీ, మరుపు రాజుగారి మిత్రులకీ అని. చూశారా, షష్ఠితో చేసిన జోకు. 'ఎవరి మరుపు' అన్న ఖాళీ వదిలేస్తే బలంగలవాడు తనకి నచ్చిన పేరు రాసుకుంటాడు.

ఇంక మా ఆఫీసు చిక్కు.

మా దగ్గర ఎవరైనా 'నా ఖాతా తీసెయ్యండి' అంటే నిజంగా తీసెయ్యం. టేబుల్లో 'ఈజ్ డిలీటెడ్' అని ఒక కాలమ్ ఉంటుంది, అందులో సున్నా ఉన్నచోట ఒకటి పెడతాం. ప్రోగ్రాములన్నీ ఆ ఒకటి చూసి ఆ ఖాతా లేనట్టు నటిస్తాయి. దీన్ని సాఫ్ట్ డిలీట్ అంటారు. ఎప్పుడైనా వెనక్కి తేవాలంటే సులువు, ఆడిట్లకి పనికొస్తుంది, ఇలా సవాలక్ష కారణాలు చెప్తాం. ఆ కోడు రాసింది నేనే, కాబట్టి వేరేవాళ్ళ మీద తోసేదేం లేదు. ఆబ్లివియన్ స్క్రిప్టు పాత లాగులు తుడుస్తుంది గానీ ఈ ఖాతాల జోలికి పోదు. పొమ్మని ఎవరూ చెప్పలేదు, నేను కూడా.

ఒకాయన తన భార్య చనిపోయిందని, ఆమె ఖాతా తీసెయ్యమని రాశాడు. తీసేశాం అని మర్యాదగా జవాబిచ్చాం. ఏడాది తర్వాత ఎవరో కొత్తగా రాసిన ప్రోగ్రాం ఆ కాలమ్ చూడ్డం మర్చిపోయింది. ఆమె పుట్టినరోజున శుభాకాంక్షలు వెళ్ళాయి. ఆమె మెయిల్ ఆయనే చూసుకుంటున్నాడు. ఆయన తిట్టలేదు. "తీసేశామని రాశారు కదా" అని ఒక్క వాక్యం రాశాడంతే. ఆ మెయిల్ చదివాక ఆ రోజింక నా బుర్ర పనిచెయ్యలేదు.

తీసేశామన్నాం. మేం చేసింది ఊసెత్తకపోవడం మాత్రమే. ఏథెన్సువాళ్ళు చేసిందే. కానీ ఏథెన్సు పౌరుడు ప్రమాణం చేసి, లోపల మంటని నొక్కిపెట్టుకుని నోరు మూసుకున్నాడు. అది ఆయన త్యాగం. మా డేటాబేసు ఏం త్యాగం చేసింది? ఆ మనిషి పేరూ, పుట్టినరోజూ, ఫోన్ నెంబరూ అలాగే దాచుకుని, పైన కాస్త పులిమింది. ఒబ్లీతుస్ కాదు, ఒబ్లితుస్.

ఎదుటివాణ్ణి మర్చిపొమ్మనే హక్కు ఇప్పుడు చట్టాల్లోకి వచ్చింది. యూరప్ న్యాయస్థానం 2014 మే లో, ఒక వ్యక్తి పేరుతో వెతికితే వచ్చే పాత ఫలితాలని కొన్ని సందర్భాల్లో సెర్చ్ ఇంజను తీసెయ్యాలని తీర్పిచ్చింది. 2018 నుంచి అమలవుతున్న వాళ్ళ జీడీపీఆర్ లో 17వ అధికరణం దీనికే. ఇటాలియన్లో ఆ హక్కు పేరులో ఉన్న 'ఓబ్లియో' మన ఒబ్లీవియోకి చుట్టమే. మన పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత డేటా చట్టంలో 12వ సెక్షన్ చెరిపించుకునే హక్కు గురించి చెప్తుంది. చట్టాలు మంచివే. కానీ ఆ తీర్పులో కూడా పత్రికలో పడ్డ అసలు పేజీ అలాగే ఉంది, దానికి దారి చూపించే లింకు మాత్రం తీశారు. అంటే అదీ ఊసెత్తకపోవడమే. అక్కడ అది సబబే, ఎందుకంటే పత్రిక నలుగురి ఆస్తి. ఒక కంపెనీ టేబుల్లో ఉన్న చనిపోయినావిడ పుట్టినరోజు నలుగురి ఆస్తి కాదు.

ఇక్కడ సాంకేతికంగా ఒక మాట ఒప్పుకోవాలి. చెరపడం నిజంగానే కష్టం. కసాండ్రా అనే డేటాబేసులో ఏదైనా డిలీట్ చేస్తే అది ముందు కొత్తగా ఒకటి రాసుకుంటుంది, 'ఇది పోయింది' అని. దాని పేరే టూంబ్‌స్టోన్, అంటే సమాధిరాయి. మామూలుగా 864000 సెకన్లు, అంటే 10 రోజులు, ఉంచుతుంది. ఎందుకంటే ఒకే డేటా నాలుగు మెషీన్లలో ఉంటుంది. చెరిపినప్పుడు ఒక మెషీను పడిపోయి ఉంటే, లేచాక తన దగ్గరున్న పాత కాపీని అందరికీ పంచి చచ్చినదాన్ని బతికిస్తుంది. నలుగురూ కలిసి ఒకటి మర్చిపోవాలంటే, మర్చిపోవాలన్న సంగతి కొన్నాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. ఏథెన్సు ప్రమాణం కూడా ఇదే కదా. కాకపోతే కసాండ్రా గడువు దాటాక వీలు చూసుకుని రాయినీ తీసేస్తుంది, దాని కిందున్నదాన్నీ తీసేస్తుంది. మేం రాయి పాతి, శవాన్ని మాత్రం బీరువాలో పెట్టుకున్నాం.

చివరిగా మా ఇంటి సంగతి. నాన్నకీ బాబాయ్‌కీ ఊళ్ళో ఇంటి పంపకాల దగ్గర మాటలు పెరిగి, పదేళ్ళు పలకరింపుల్లేవు. చెల్లి పెళ్ళి కుదిరినప్పుడు మావయ్య వచ్చి నాన్నని కూర్చోబెట్టాడు. "బావా, అయిందేదో అయింది, అన్నీ మర్చిపో" అన్నాడు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మర్చిపోడం నా చేతిలో ఉందేవిట్రా? ఊసెత్తను. అంతే." పెళ్ళిలో బాబాయ్ కన్యాదానం పీటల పక్కనే నించుని బిందె అందించాడు. నాన్న మాట మీద నిలబడ్డాడు, ఈరోజుకీ.

అప్పుడు నాకది అర్ధమనసు రాజీ అనిపించింది. మనసులో పెట్టుకుని పైకి నటించడం ఏం గొప్ప అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించట్లేదు. మరుపు డిపోనెంట్ క్రియ, దాని మీద ఎవరికీ హక్కు లేదు, మావయ్యకి అడిగే హక్కూ లేదు, నాన్నకి ఇచ్చే శక్తీ లేదు. నాన్న చేతిలో ఉన్నది ఊసెత్తకపోవడం. అది ఆయన పూర్తిగా ఇచ్చాడు. ఎవరు, దేన్ని అన్న రెండు ఖాళీలూ తనే పూరించి ఇచ్చాడు.

మనుషుల మధ్య ఊసెత్తకపోవడమే చాలాసార్లు అత్యున్నతమైన మరుపు. యంత్రాల దగ్గర అది మోసం. ఎందుకంటే మనిషి తుడవలేడు, కాబట్టి ఓర్చుకుంటాడు. యంత్రం తుడవగలదు, మనమే తుడవనివ్వం. ఈ రెంటినీ కలిపి ఒకే నామవాచకం కింద దాచేసినప్పుడల్లా ఎవరో ఒకరు నష్టపోతారు, వాళ్ళు ఎప్పుడూ బలంలేనివాళ్ళే అవుతారు.

పోయిన నెల ఆబ్లివియన్ స్క్రిప్టుకి ఇంకో పని అప్పజెప్పాను. ఒకటి పెట్టిన ఖాతాలని గడువు దాటాక నిజంగా చెరుపుతుంది, బ్యాకప్పుల్లోంచి కూడా వరసగా పోతాయి. మొదటిరోజు రాత్రి రెండింటిదాకా మెలకువగా కూర్చుని చూశాను. అందులో ఆవిడ పేరు కూడా పోయింది. నేను మాత్రం మర్చిపోలేదు. అది నా చేతిలో లేదు కదా.